చేతివాటం గల అభ్యర్థి కావలెను

మా కార్యాలయం పేరు ప్రాచీన వాహన పరిరక్షణ మండలి. పేరు వింటే వాహనాలు బారులు తీరి ఉంటాయనిపిస్తుంది గానీ ఉన్నది ఒక్కటే. మెట్ట ప్రాంతపు జమీందారుగారొకరు సీమ నుంచి ఓడలో తెప్పించుకుని, సరదా తీరాక ప్రభుత్వానికి రాసిచ్చేసిన ఆకుపచ్చ కారు అది. మేం దాన్ని రాణీగారంటాం. రాణీగారి సేవకు ఒక డైరెక్టరు, ఒక సూపరింటెండెంటు, గుమాస్తాలు, అకౌంటెంటు, డ్రైవరు, కాపలావాళ్లు, తుడిచేవాళ్లు ఉన్నారు. ఆ సూపరింటెండెంటును నేనే. కాకినాడ ఉప్పుగాలికి ఇనప వస్తువేదీ నిలవదు కాబట్టి ఇంతమందీ అవసరమేనని ఏటా రాసి పంపుతుంటాను. పైవాళ్లు ఏటా ఒప్పుకుంటుంటారు.

మండలికి మూలసూత్రం ఒకటుంది. "అసలు భాగము అసలు స్థానము నుండి కదలరాదు." డైరెక్టర్ సదానందరావుగారు ఏదో దేశంలో సదస్సుకు వెళ్లి పట్టుకొచ్చిన సూత్రమిది. పాత వస్తువు గొప్పతనమంతా ఎక్కడిదక్కడ ఉండటంలోనే ఉందని అక్కడ ఎవరో చెప్పారట. ఆయన దాన్ని చలవరాతి మీద చెక్కించి గోడకు తాపడం చేయించారు. చక్రాలు తిరగడం కదలడం కిందికి వస్తుందా రాదా అని కొన్నాళ్లు తర్జనభర్జన పడ్డాం. చక్రం ఎంత తిరిగినా ఇరుసును వదిలిపోదు గనక అది కదలిక కాదని డైరెక్టరుగారే తేల్చారు. ఆయన లేకపోతే మేం ఏమైపోయేవాళ్లమో.

ఇలా సుఖంగా రోజులు గడుస్తుండగా రాణీగారు మీట నొక్కితే పలకడం మానేశారు. సెల్ఫ్ మోటారు గర్రుమని తిరుగుతుంది, ఇంజను మాత్రం ఉలకదు. జెండా పండగలకీ, మంత్రులొచ్చినప్పుడూ ఆవిణ్ణి ఊరేగించక తప్పదు కదా. అందుకని సిబ్బందంతా బయటికొచ్చి తోసేవాళ్లం. రానురాను అది మాకెంత అలవాటైందంటే, రాణీగారి తలుపు పడిన చప్పుడు వింటే చాలు, అకౌంటెంటు చేతిలో కాఫీ బల్ల మీద పెట్టేసి వెళ్లి వెనక చేరేవాడు. తోస్తున్నప్పుడే మా ఆఫీసులో పనిచేస్తున్నట్టుండేదని ఒక గుమాస్తా నాతో రహస్యంగా అన్నాడు.

చివరికి జగన్నాథపురం వంతెన దగ్గర షెడ్డు పెట్టుకున్న మెకానిక్ నూకరాజును పిలిపించాం. ఊళ్లో కార్లన్నీ తన చేతిమీదే పుట్టినట్టు మాట్లాడతాడు నూకరాజు. బానెట్టెత్తి, నోట్లో బీడీ ఆరిపోయేదాకా చూసి, సంగతి చెప్పాడు. సెల్ఫ్ మోటారును పట్టుకుని ఉండే బోల్టులు రెండు. పైది అందరికీ కనపడుతుంది. కిందది పొగగొట్టం వెనకాల, స్టీరింగు రాడ్డుకీ ఇంజనుకీ మధ్య సందులో ఎక్కడో దాక్కుని ఉంది. అది వదులై మోటారు పక్కకు ఒరిగింది కాబట్టి దాని పళ్లు ఇంజను చక్రాన్ని అందుకోవడం లేదు. బోల్టు ఒక్క చుట్టు బిగిస్తే సరిపోతుంది. కాకపోతే దాన్ని అందుకోవాలంటే ముందు గొట్టం ఊడదీయాలి, రాడ్డు పక్కకు తప్పించాలి.

డైరెక్టరుగారు గోడమీద చలవరాయి చూపించారు.

నూకరాజు చొక్కా చెయ్యి మడిచి, దేవుణ్ణి తల్చుకుని, ఏదీ ఊడదీయకుండానే సందులోకి చెయ్యి దూర్చాడు. వెళ్లిన చెయ్యి వెనక్కి రాలేదు. కొబ్బరినూనె పోసి, భుజం పట్టుకుని లాగుతుంటే, ఈ చెయ్యి ఇలాగే ఉండిపోతే వాహనానికి కొత్త భాగం చేర్చిన దోషం వస్తుందేమోనని డైరెక్టరుగారు కంగారుపడ్డారు. చెయ్యి తోలూడి బయటపడ్డాక నూకరాజు ఊదుకుంటూ అసలు మాట చెప్పాడు.

"ఇది నా చేతికి లొంగే పని కాదండి. ఎడం చేతివాటం ఉన్న మనిషి కావాలండి. చెయ్యి కూడా సన్నంగా ఉండాలండి."

ఆ మాటే నేను ఫైల్లో రాశాను. "సన్నని చేయియు, ఎడమ చేతివాటమును గల మనిషి ఒకరు అవసరము." డైరెక్టరుగారు ఎర్ర సిరా పెన్ను తీశారు. ఆకారాన్ని బట్టి ఉద్యోగార్హత నిర్ణయించకూడదని మొదటి మాట కొట్టేశారు. తరవాత "ఎడమ" దగ్గర ఆగారు.

"ప్రభుత్వము దృష్టిలో కుడి ఎడమలు సమానము. ఒక చేతిని ప్రత్యేకముగా పేర్కొన్నచో రెండవ చేతికి వివక్ష జరిగినట్లగును," అని అది కూడా కొట్టేశారు.

ఎడమ తీసేస్తే మిగిలేది వట్టి చేతివాటమేననీ, ఆ మాటకు లోకంలో ఉన్న అర్థం కనపడిన వస్తువు జేబులో వేసుకోవడమేననీ నేను మర్యాదగానే మనవి చేశాను. పక్క మాట కొట్టేసినంత మాత్రాన మిగిలిన మాట అర్థం మారిపోతే అది ఆ మాట క్రమశిక్షణలేనితనం తప్ప తన తప్పు కాదన్నారు ఆయన. ఫైలు అలాగే పైకి వెళ్లింది.

మామూలుగా మేం ఒక బల్బు అడిగితే అది వచ్చేసరికి గదే మారిపోతుంది. ఈ ఉద్యోగం మాత్రం ఇట్టే మంజూరైంది. ఇన్నాళ్లకు ఒక శాఖ తన అవసరాన్ని దాపరికం లేకుండా రాసినందుకు పై అధికారులెవరో మార్జిన్లో మెచ్చుకున్నారు కూడా. చేతివాటం ఉన్నట్టు ధ్రువపత్రం జతచేయాలని షరతు పెట్టారు. ఆ పత్రం ఎవరివ్వాలన్నది ప్రశ్న. అది జబ్బు కాదు కాబట్టి మాకు సంబంధం లేదని వైద్యశాఖ రాసింది. తాము నేర్పిన విద్య కాదని విద్యాశాఖ కొంచెం కోపంగా రాసింది. చేతివాటానికి సంబంధించిన రికార్డులన్నీ మా దగ్గర భద్రంగా ఉన్నాయని పోలీసు శాఖ జవాబిచ్చింది. దాంతో దరఖాస్తుతో పాటు పోలీసు స్టేషను నుంచి కేసు నకలు పెట్టాలని పేపర్లో ప్రకటన వేశాం.

మర్నాటి నుంచి మా వరండా నిండిపోయింది. సైకిళ్లవాళ్లు, జేబులవాళ్లు, గుడి ముందు చెప్పులవాళ్లు, అందరూ నీటుగా తలదువ్వుకుని కేసు కాగితాలు ప్లాస్టిక్ కవర్లలో పెట్టుకుని వచ్చారు. కోర్టు వదిలేసినవాళ్లను అనర్హులుగా తేల్చి పంపించేస్తుంటే ఒకతను ఏడ్చాడు. తాను నిజంగానే తీశాననీ, లాయరు గట్టివాడు కావడం వల్ల ఇలా అన్యాయం జరిగిందనీ అతని గోడు. వేరే శాఖలో పనిచేస్తున్న ఒక పెద్దమనిషి లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసి, కేసులేవీ లేవుగానీ అనుభవం మాత్రం చాలా ఉందనీ, సర్వీసులో ఉన్నవాళ్లకు ఏమన్నా మినహాయింపు ఉంటుందా అనీ అడిగాడు.

ఇంటర్వ్యూ పద్ధతి డైరెక్టరుగారే రూపొందించారు. అభ్యర్థిని ఎదురుగా కూర్చోబెట్టి నాలుగు మాటలు మాట్లాడతాం. అతను వెళ్లాక బల్లమీద ఏం పోయిందో చూసుకుని మార్కులు వేస్తాం. పేపర్‌వెయిటు పోయింది, గంట పోయింది. ఒకడు డైరెక్టరుగారి కళ్లద్దాలు పట్టుకుపోవడంతో ఆ తరవాతవాళ్లకు ఆయన మార్కులు కాస్త ధారాళంగా వేశారు. చాలా బుద్ధిమంతుడిలా కనిపించిన ఒకతను ఏమీ ముట్టుకోలేదని సున్నా వేయబోయాం. తీరా చూస్తే అతను కూర్చున్న కుర్చీ లేదు. అతనికే మొదటి ర్యాంకు ఇచ్చాం.

పాపం, చేరాల్సిన రోజుకు అతను ఇంకో కేసులో లోపలున్నాడు. రెండో ర్యాంకువాడు నియామక పత్రాల కట్టతో సహా మాయమయ్యాడు. అర్హతలో ఎవరికీ లోటు లేదు, దొరకడమే కష్టంగా ఉంది. అందుకని గడువు పొడిగించాం.

అలా పొడిగించిన గడువులో వచ్చింది వీరవేణి. నూకరాజు మేనకోడలు. ఐటీఐలో మోటారు మెకానిక్ చదివి మేనమామ షెడ్డులోనే పని నేర్చుకుంది. మనిషి సన్నగా, పెన్సిల్లా ఉంటుంది. దరఖాస్తు మీద సంతకం ఎడమచేత్తో పెట్టింది. అది చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. డైరెక్టరుగారు వచ్చేలోపు ఒకసారి ప్రయత్నించమని బానెట్టెత్తాను. పిల్ల మెడ పక్కకు వంచి, ఎటో చూస్తూ, ఎడమచెయ్యి సందులోకి పోనిచ్చింది. మోచెయ్యి దాటిపోయింది.

"తగిలిందండి. వదులుగా ఆడతంది. పానా ఇయ్యండి, బిగించేత్తాను."

పానా అందిస్తుండగా డైరెక్టరుగారు వచ్చారు. నియామకం కాని వ్యక్తి అసలు భాగాన్ని తాకరాదని చెయ్యి బయటికి తీయించారు. తరవాత ఆమె దరఖాస్తు తిరగేశారు. కేసు నకలు లేదు. దాని బదులు ప్రిన్సిపాలిచ్చిన సత్ప్రవర్తన పత్రం ఉంది.

"ఈమెకు చేతివాటము లేదని ఈమెయే రాతపూర్వకముగా ఒప్పుకొనుచున్నది," అన్నారు. తిరస్కరించారు.

వీరవేణి వరండా మెట్ల మీద చాలాసేపు కూర్చుంది. ఓదార్చుదామని వెళ్లాను. ఉద్యోగం ఎందుకంత పట్టుదలగా కావాలో అప్పుడు చెప్పింది. షెడ్డుకు వచ్చినవాళ్లు బానెట్టు కింద ఆడపిల్లను చూసి బండి వెనక్కి తీసుకుపోతున్నారట. వేరే షెడ్లలో అడిగితే నవ్వారట. చదివిన చదువంతా మేనమామకు టీ తేవడానికే సరిపోతోందట.

"రాణీగారైతే ఎక్కడికీ పోరు కదండి. బండి ఎనక్కి పట్టుకుపోయేవోడు ఉండడు. నా పని నన్ను చేసుకోనిత్తారు," అంది.

ఆ తరవాత, కేసు అంటూ ఉండాలంటే ఎంత విలువైనది దొంగతనం చెయ్యాలని అడిగింది. ప్రకటనలో విలువ ఇంతని లేదని చెప్పాను. అడిగినదానికి నిబంధన చూసి జవాబు చెప్పడం నా ఉద్యోగ ధర్మం. ఊళ్లోవాళ్ల సొమ్ము ముట్టుకోవడం పాపం కదా అంది. అది పాపమేనన్నాను. అవసరం మీది కాబట్టి మీ సొమ్మే తీయడం న్యాయం కదా అంది. ఆ ప్రశ్నకు నిబంధనల్లో జవాబు లేదు.

ఆ వారంలోనే ఒకరోజు భోజనాల వేళ మేమంతా క్యారియర్లు విప్పుకుంటుండగా రాణీగారి తలుపు పడిన చప్పుడైంది. అకౌంటెంటు పులిహోర వదిలేసి లేచాడు. మేమంతా అతని వెనక పరిగెత్తి, అలవాటుగా కారు వెనక చేరి భుజాలానించి తోశాం. ఈసారి రాణీగారు విచిత్రంగా తేలిగ్గా కదిలారు. గేటు దాకా తోసి, కాపలావాడు సెల్యూట్ చేస్తుండగా సాగనంపి, చేతులు దులుపుకుని వచ్చి మళ్లీ భోజనానికి కూర్చున్నాం. మజ్జిగ దాకా వచ్చాక గానీ, కారులో ఉన్నది మా డ్రైవరు కాదనీ, అతను నా ఎదురుగానే కూర్చుని ఊరగాయ నాకుతున్నాడనీ ఎవరికీ తట్టలేదు.

వీరవేణి నేరుగా పోలీసు స్టేషనుకు వెళ్లి, రాణీగారిని చెట్టునీడలో ఆపి, లోపలికెళ్లి లొంగిపోయింది. ఎస్సైగారికి ఆ కేసు ఎలా రాయాలో తోచలేదు. దొంగే వస్తువు తెచ్చిచ్చి, వెంటనే నకలు ఇప్పించమని అడగడం ఆయన సర్వీసులో లేదు. సొంతదారు ఫిర్యాదు చేస్తేనే కేసంటూ కబురు పంపారు. డైరెక్టరుగారు ఆ కబురు విని కోప్పడతారనుకున్నాం. ఆయన ముఖం వెలిగిపోయింది. ఇంతకాలానికి అన్ని అర్హతలూ ఉన్న అభ్యర్థి దొరికిందని స్వయంగా ఫిర్యాదు రాశారు. నూకరాజు జామీను ఉండి పిల్లను విడిపించుకున్నాడు. వీరవేణి కేసు నకలు పట్టుకొచ్చి దరఖాస్తుకు జతచేసింది. కేసు తుది తీర్పుకు లోబడి నియమించడమైనది అని ఆమెకు ఉత్తర్వు ఇచ్చాం.

పిల్ల మొదటిరోజు నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని, సొంత పానాల సంచీతో వచ్చింది. అయితే చెయ్యడానికి పనే లేదు. కారు పట్టుకుపోయిన రోజే బోల్టును తనే బిగించేసింది. అది ఉన్న కారు సాక్ష్యం కింద పోలీసు స్టేషను ఆవరణలో ఉంది. కేసు తేలేదాకా దాన్ని ఎవరూ కదపకూడదని అక్కడ కాగితం అంటించారు. మా సూత్రం ఇంత పక్కాగా ఇంకెక్కడా అమలు కాలేదని డైరెక్టరుగారు మురిసిపోయి పైకి నివేదిక పంపారు. వీరవేణి మాత్రం ఆఫీసులో ఫ్యాన్లూ, తాళాలూ, కాపలావాడి సైకిలూ బాగుచేసి, ఇక ఏమీ మిగలక కిటికీ దగ్గర కూర్చునేది.

ఒకరోజు ఆమె నన్నొక మాట అడిగింది. కోర్టులో శిక్షపడితే ఏమవుతుంది, వదిలేస్తే ఏమవుతుంది అని. రూల్సు పుస్తకం తీసి చూశాను. శిక్షపడితే ఉద్యోగం ఖాయం, కానీ మనిషి జైల్లో ఉంటుంది. వదిలేస్తే మనిషి బయట ఉంటుంది, కానీ చేతివాటం రుజువు కాలేదు గనక ఉద్యోగం పోతుంది. అది చదివి వినిపిస్తుంటే నా గొంతు నాకే నచ్చలేదు.

విచారణ రోజున డైరెక్టరుగారిని బోనెక్కించారు. సరిగ్గా అప్పుడే ఆయనకొక ప్రమాదం కనపడింది. నియామకం కాని మనిషి అసలు భాగాన్ని బిగించిందని ఒప్పుకుంటే, అడ్డుకోనందుకు సంజాయిషీ ఇచ్చుకోవలసింది తనే. ఆయన గొంతు సవరించుకున్నారు.

"రికార్డుల ప్రకారము సదరు బోల్టును నియమితులైన వ్యక్తి మాత్రమే బిగించవలెను. ఆనాటికి ఎవరునూ నియమితులు కాలేదు. కావున బోల్టు బిగింపబడలేదు. కావున వాహనము స్టార్టు కాలేదు. కావున అది బయలుదేరలేదు."

"మరి పోలీసు స్టేషన్లో ఉన్నదేమిటి?" అన్నారు మేజిస్ట్రేటుగారు. ఆవిడ కళ్లద్దాలు తీసి పక్కన పెట్టారు.

"భౌతికముగా అచట ఉన్నది. పరిపాలనాపరముగా మా షెడ్డులోనే ఉన్నది."

తరవాత నన్ను పిలిచారు. ఆ రోజు నువ్వేం చూశావని అడిగారు. చూడలేదండీ, తోశాను అన్నాను. ఎంతమంది తోశారన్నారు. అందరమూ అన్నాను. గేటెవరు తీశారన్నారు. కాపలావాడు, సెల్యూట్ కూడా చేశాడన్నాను. పిల్ల జైలుకు పోకుండా ఉంటుందని ఉన్నదున్నట్టు చెప్పాను. మేజిస్ట్రేటుగారు నవ్వు ఆపుకోవడానికి కాసేపు కాగితాలు సర్దారు. ఆఫీసు సిబ్బందంతా కలిసి తోసి, సెల్యూట్ చేసి పంపిన కారును దొంగిలించడమెలా అవుతుందని కేసు కొట్టేశారు. నూకరాజు ఆనందం పట్టలేక నా రెండు చేతులూ పట్టుకున్నాడు. వీరవేణి మాత్రం నావైపు చూసి తల దించుకుంది.

సాయంత్రానికి ఉత్తర్వు తయారైంది. "సదరు ఉద్యోగినికి చేతివాటము లేదని న్యాయస్థానములో తేలినందున ఆమెను తొలగించడమైనది." దాన్ని ఆమె చేతికిచ్చే పని నాకే పడింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఆమె దాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుని, జాగ్రత్తగా మడిచి, పానాల సంచీలో పెట్టుకుని వెళ్లిపోయింది.

రాణీగారు తిరిగొచ్చారు. డ్రైవరు మీట నొక్కగానే ఇంజను గుర్రుమని అందుకుంది. మేము సంతోషించేలోపే డైరెక్టరుగారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. బోల్టు బిగించలేదని ఆయన కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. ఆఫీసు ఫైలూ అదే చెబుతోంది. వచ్చే నెల పైనుంచి తనిఖీ ఉంది. కారేమో ఇద్దరినీ అబద్ధాలకోర్లను చేస్తోంది. కాబట్టి బోల్టును రికార్డు ప్రకారం మళ్లీ వదులు చేయాలని తీర్మానించారు. వదులు చేయడానికి కూడా అదే సందులోకి, అదే చెయ్యి వెళ్లాలి. వెళ్లి పిలుచుకు రమ్మని నన్ను పంపారు.

జగన్నాథపురంలో నూకరాజు షెడ్డు ముందు కార్లు వంతెన దాకా ఆగి ఉన్నాయి. రాణీగారిని లేవదీసుకుపోయిన పిల్ల ఇక్కడే పనిచేస్తుందట కదా, ఆ పిల్లే మా బండి చూడాలి అని జనం నూకరాజు మాట వినకుండా కూర్చున్నారు. నూకరాజు వాళ్లందరికీ టీలు పోస్తున్నాడు. వీరవేణి ఒక పాత వ్యాను బానెట్టు కింద వంగి ఉంది. ఎడమచెయ్యి భుజం దాకా ఇంజనులో ఉంది.

నేను దగ్గరికెళ్లి, డైరెక్టరుగారి బాధంతా చెప్పి, ఒక్క చుట్టు వదులు చేసి వెళ్లిపొమ్మని బతిమాలాను. ఆమె చెయ్యి బయటికి తీయలేదు, నా వైపు తిరగనూ లేదు.

"ఆ పనికి చేతివాటం ఉండాలి కదండి. నాకు లేదని మీరే కాయితం ఇచ్చారు," అంది. తరవాత ఇంకో మాట అంది. "కొంచెం అటు జరగండి సార్. ఎలుతురికి అడ్డొత్తన్నారు."

నేను జరిగాను.